కౌంటర్ మోగని చోట

కెనడాలోని అథాబాస్కా బేసిన్ తూర్పు అంచున యురేనియం కోసం వెతికిన నా మొదటి వేసవిలో, ఒక గులాబీరంగు పెగ్మటైట్ రాతి మీద రేడియోధార్మికతను పసిగట్టే కౌంటర్ అయిన సింటిల్లోమీటర్ పెట్టగానే అది గుక్కతిప్పుకోకుండా మోగింది. ఆ రాతిముక్కను సంచిలో భద్రంగా పెట్టుకుని సాయంత్రం శిబిరానికి తీసుకువెళితే, మా సీనియర్ దాన్ని, కిరణాలు ఏ మూలకానివో చెప్పే స్పెక్ట్రోమీటర్‌తో ఒకసారి పరీక్షించి, "థోరియం. ఇలాంటివి ఇక్కడ బోలెడు" అని ముక్తసరిగా చెప్పి, గుమ్మం పక్కన ఉన్న రాళ్ల కుప్పలోకి విసిరేశారు. ఆ కుప్పలో నాకు ముందు వచ్చినవాళ్ల ఆశలు కూడా చాలానే ఉన్నాయని తరువాత తెలిసింది.

కౌంటర్ మోగిందంటే యురేనియం దొరికినట్టే అనుకోవడం మొదటి పొరపాటు. స్పెక్ట్రోమీటర్‌లో యురేనియానికి గుర్తుగా మేము లెక్కించే 1.76 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం నిజానికి యురేనియం నుంచి రాదు. అది క్షీణిస్తూ పోయే వంశంలో ఎన్నో తరాల తరువాత పుట్టే బిస్మత్-214 నుంచి వస్తుంది. మధ్యలో ఉన్న రేడియం నీటిలో కరిగి, రేడాన్ వాయువు రూపంలో వేరే చోటికి తరలిపోగలవు కనుక, యురేనియం దాదాపు లేని బురదనేల మోగవచ్చు, యురేనియం ఉన్న రాయి అంతగా మోగకపోవచ్చు. అందువల్లనే బోరులో గామా రీడింగు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, రసాయన పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని లోహశాతంగా నమ్మకూడదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది లోతు. ఒక మీటరు రాయి అడ్డం ఉంటే గామా కిరణాలు దాదాపుగా పైకి రావు. 1968లో రాబిట్ లేక్, 1975లో కీ లేక్ నిక్షేపాలు దొరికిన రోజుల్లో, ప్రాచీన హిమానీనదాలు ఈడ్చుకొచ్చి పడేసిన రేడియోధార్మిక బండరాళ్ల జాడ పట్టుకుని, మంచు కదిలివచ్చిన దిశకు ఎదురు నడిచే పద్ధతి బాగా ఉపయోగపడింది. 1981లో కనుగొన్న సిగార్ లేక్ నిక్షేపం మాత్రం దాదాపు 450 మీటర్ల లోతున, ఇసుకరాయి కింద ఉంది. ప్రపంచంలోనే అత్యంత సాంద్రమైన యురేనియం నిక్షేపాల్లో ఒకటైన దాని మీద నిలబడినా చేతిలోని కౌంటర్ ఉలకదు, పలకదు.

అందుకని మేము వెతికేది యురేనియాన్ని కాదు, గ్రాఫైట్‌ను. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం సులువుగా కరిగి ప్రయాణిస్తుంది. ఆ నీరు ఇసుకరాయి గుండా దిగి, అడుగున ఉన్న పాత శిలల్లోని గ్రాఫైట్ పగుళ్ల దగ్గర ఆక్సిజన్‌ను కోల్పోయే పరిస్థితి ఎదురైనప్పుడు యురేనియం నల్లటి యురేనినైట్ ఖనిజంగా గడ్డకడుతుంది. ఈ రసాయన చర్యలో గ్రాఫైట్ పాత్ర ఎంత అన్నదాని మీద మా వాళ్లలో వాదనలు తెగలేదు గానీ, అది విద్యుత్తును ప్రసారం చేస్తుంది కనుక విమానం నుంచి చేసే విద్యుదయస్కాంత సర్వేలో గీతలా కనిపిస్తుందన్నది మాకు దక్కిన అదృష్టం. ఆ గీత కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. నిక్షేపం దాని మీద ఎక్కడో ఒకచోట, వెడల్పులో కొన్ని పదుల మీటర్లే ఉంటుంది.

సరస్సులూ చిత్తడినేలలే ఎక్కువైన ఆ ప్రాంతంలో డ్రిల్లింగ్ యంత్రాన్ని నడిపించడానికి శీతాకాలమే అనువైన సమయం. గడ్డకట్టిన సరస్సు మీద నీళ్లు తోడి పోస్తూ, యంత్రం బరువును మోయగలిగేంతగా మంచును పొరలు పొరలుగా మందం చేస్తారు. మరుసటి ఫిబ్రవరిలో అలాంటి ఒక మంచు వేదిక మీద, రాత్రి షిఫ్టులో, బోరులోంచి తీసిన రాతి కడ్డీలున్న కోర్ పెట్టెలు ఒక్కొక్కటిగా నా ముందుకు వచ్చాయి. మొదట్లో ఊదారంగు చారలతో గట్టిగా ఉన్న ఇసుకరాయి, లోతు పెరిగేకొద్దీ తెల్లగా పాలిపోయి, వేలితో నొక్కితే పిండిలా రాలసాగింది. ఇల్లైట్ బంకమట్టి గ్లవ్స్‌కు అంటుకుని వదల్లేదు. ఒకప్పుడు వేడినీరు ఆ రాతిని తినేసిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఇసుకరాయి ముగిసి పాత శిల మొదలయ్యే హద్దు దాటిన తరువాత గ్రాఫైట్ కూడా వచ్చింది. చేతిని పెన్సిల్ ముల్లులా నల్లబరిచింది. బోరులోకి గామా ప్రోబ్ దించితే మాత్రం, రీడింగులో హద్దు దగ్గర ఒక చిన్న గుబ్బ తప్ప ఏమీ లేదు.

అన్నీ ఉండి యురేనియం ఒక్కటే లేని ఆ బోరును నేను వైఫల్యంగా లెక్కించను. అది ఏ వైపు జరగాలో చెప్పే బోరు. బంకమట్టి పడమటి వైపు మందమవుతోందని తేల్చుకుని, 50 మీటర్ల అవతల తరువాతి బోరుకు గుర్తుగా మంచులో ఒక కర్ర పాతాము. ఈలోగా ఒడ్డు వెంబడి మంచు మెత్తబడటం మొదలైంది, యంత్రాన్ని వెనక్కి లాగేయమని ఉత్తర్వు వచ్చింది. మే నెలలో ఆ కర్ర సరస్సులో కలిసిపోయి ఉంటుంది. దాని అక్షాంశ రేఖాంశాలు నా నోటుపుస్తకంలో, గ్రాఫైట్ వేలిముద్ర పడిన పేజీలో ఉన్నాయి.