పాప పుట్టాక మళ్లీ మైకు పట్టుకోవడం: నా అనుభవం

విజయనగరంలో సినిమా పాట పాడే ఆడపిల్ల కనబడితే చాలు, ఎవరో ఒకరు సుశీలమ్మ పేరు ఎత్తుతారు. ఆవిడ పుట్టిన ఊరు మరి. ఘంటసాల, సుశీల చదువుకున్న మహారాజా సంగీత కళాశాలలోనే నేనూ సర్టిఫికెట్ కోర్సు చేశాను. నా బతుకుతెరువు మాత్రం రిసెప్షన్లు, సంగీత్‌లు, పండగ స్టేజీలు. ఫాస్ట్ బీట్ అంటే నన్నే పిలిచేవారు. పాడుతూ గెంతాలి, జనాన్ని గెంతించాలి.

కడుపు బాగా కనబడేవరకు పాడాను. తర్వాత సిజేరియన్, పాప. మా తోడికోడలు గవర్నమెంటు టీచర్, ఆమెకు కాన్పుకి 180 రోజులు జీతంతో సెలవు. ఆర్కెస్ట్రా వాళ్లకి అలాంటివేం ఉంటాయి? పాడిన రాత్రికి డబ్బులు, పాడకపోతే ఇంకో అమ్మాయి. నా బదులు వచ్చిన అమ్మాయి నిజంగానే బాగా పాడుతుంది. నా టెన్షన్ అంతా అదే.

పురిట్లో అమ్మ నా చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి కూర్చోబెట్టింది. కాయం, వెల్లుల్లి కారం, పథ్యం అన్నం, అన్నీ ఒప్పుకున్నాను. నీళ్ల దగ్గరే మా ఇద్దరికీ గొడవ. "పచ్చి బాలింతవి, అన్నేసి నీళ్లు తాగీకే, పొట్ట పెరిగిపోద్ది" అనేది. పాలిచ్చేదానికి నీళ్లు కావాలి, గొంతుకీ నీళ్లే కావాలి. స్వరతంత్రులు తడిగా ఉంటేనే కదా సాఫీగా కంపించేది! డాక్టరమ్మ చేత చెప్పించాక గానీ చెంబు నా మంచం పక్కకి రాలేదు. దూది మాత్రం నాకు కలిసొచ్చింది. నోరు మూసుకుని సన్నగా శ్రుతి పడితే, బయటి చప్పుడు తగ్గి నా గొంతు తలలోపల గుయ్యిమని వినబడేది. శ్రుతి ఎక్కడికీ పోలేదని అలా తెలిసింది.

పోయింది ఊపిరి. పాత పాట ఒకటి ఎత్తుకుంటే పల్లవి బాగానే వచ్చింది, చరణంలో పొడుగు లైను మధ్యలోనే తెగిపోయింది. పాడేటప్పుడు గాలిని కొద్దికొద్దిగా వదిలేలా పట్టి ఉంచేది పొట్ట, పక్కటెముకల కండరాలు. నెలల తరబడి సాగి, పైన కోత పడ్డ పొట్ట బిగపట్టమంటే ఎలా పడుతుంది? చుట్టాలంతా గొంతు పాడైందనే తేల్చేశారు. మిరియాల పాలు ఒకరు, అతిమధురం ఒకరు. గొంతుకేం కాలేదు మొర్రో అన్నా విన్నవాళ్లు లేరు.

డాక్టరమ్మ సరేనన్నాక, నాకు సంగీతం చెప్పిన మేడమ్‌కి ఫోన్ చేశాను. "పాటలు కట్టిపెట్టి సరళీ స్వరాలు పట్టుకో తల్లీ" అన్నారు, అంటే మళ్లీ మొదటి పాఠాలే. ఆషాఢం, ముహూర్తాలు లేవు, ఎవరూ పిలిచేది లేదు. తెల్లారుజామున పాప పాలు తాగాక మంద్ర స్థాయిలో, అంటే కింది స్థాయిలో, స్వరం పట్టి నిలిపేదాన్ని. పొట్ట మీద చెయ్యి వేసుకుని, పళ్ల సందుల్లోంచి 'స్‌స్‌' మని గాలి వదిలేదాన్ని. పెదాలు బుర్రుమని ఆడిస్తూ స్వరాలు పైకీ కిందకీ తిప్పితే పాప కిలకిలా నవ్వేది. మాయామాళవగౌళ రాగంలో మొదటి కాలంలోనే, అంటే నిదానపు వేగంలోనే, చాన్నాళ్లు ఉండిపోయాను. రెండో కాలానికి వెళ్తే కుట్ల దగ్గర లాగేది. లాగిందంటే ఆ పూటకి చాలు.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుల్లో ఊళ్లో పాటకి కొదవుండదు. ఒక చిన్న స్టేజీకి పిలిచారు. పాలు పిండి డబ్బాలో పెట్టి, బయట ఉంచితే నాలుగు గంటలు దాటనివ్వొద్దని అత్తకి చెప్పాను. "పాలు పిండి పెట్టడమేటే, చోద్యం" అంది గానీ, గడియారం చూసుకుంటూ పట్టేది ఆవిడే.

కీబోర్డు అబ్బాయిని శ్రుతి ఒక కట్ట తగ్గించమన్నాను. వాడికి ఒక్క బటన్ నొక్కితే అయ్యే పని. "నీ స్కేల్ ఇది కాదు కదక్కా" అన్నాడు. "ఇప్పుడిదే" అన్నాను. గెంతలేదు. నిలబడి మెలోడీలు పాడాను. మెలోడీ అంటే జనం లేచిపోతారని ఆర్గనైజర్ భయం. లేచినవాళ్లు బజ్జీల బండి దాకా వెళ్లి, పొట్లంతో తిరిగొచ్చి కూర్చున్నారు. మధ్యలో పాలు కారి జాకెట్టు తడిసింది. పైట సర్దుకుని పాడేశాను. ఆ మాట రాయడానికి కూడా నాకు సిగ్గు లేదిప్పుడు, స్టేజీ ఎక్కే ఆడవాళ్లలో చాలామందికి తెలిసిన విషయమే.

ఒకప్పుడు పై స్థాయి అందుకుంటేనే గొప్ప అనుకునేదాన్ని. పొద్దున్నే చేసిన మంద్ర సాధనకి కింది స్వరాలు చిక్కబడ్డాయి, ఇదివరకు రిస్కనుకుని వదిలేసిన పాటలు ఇప్పుడు పాడుతున్నాను. గొంతు కంటే ఎక్కువ మారింది నా నోరు. ఇదివరకు ఎన్నింటికి ముగుస్తుందో అడగడానికి మొహమాటం. ఇప్పుడు బేరానికి ముందే తలుపున్న గది, మధ్యలో రెండు బ్రేకులు అడుగుతున్నాను. రాత్రి పది దాటాక మైకు వాడకూడదని 2000లోనే రూల్ వచ్చింది, మన పెళ్లిళ్లలో ఎవరికి పట్టింది గనక! నాకు మాత్రం ఆ రూల్ భలే పనికొస్తోంది. అది విని నన్ను పిలవడం మానుకున్నవాళ్లున్నారు. శ్రీకాకుళం పార్టీ ఒకరు మాత్రం "సరేనమ్మా, నీ పాటలు ముందు పెట్టేద్దాం" అని మాఘం ముహూర్తాలకి అడ్వాన్స్ పంపారు.