మారుతి 800 బ్రేక్ పని: పెడల్ ఎందుకు మెత్తబడిందో దొరికింది

ఘాట్ దిగాక బ్రేక్ మెత్తబడటం వేరు, పొద్దున్నే చల్లటి బండిలో తొక్కినా మెత్తగా ఉండటం వేరు. మొదటిదానికి ఎక్కువగా పాత బ్రేక్ ఆయిల్ వేడికి మరిగి బుడగలు కట్టడమే కారణం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకునే కొద్దీ ఆ హద్దు 140 దగ్గరికి దిగుతుంది. మా విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో ఈ సంగతి అస్సలు మర్చిపోకూడదు. మా 800 మాత్రం సింహాచలం కొండ దిగినప్పుడే కాదు, రాత్రంతా ఇంటి ముందు ఉన్నాక కూడా సగం దాకా మెత్తగా దిగిపోతోంది. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకి వస్తోంది.

షెడ్డులో చూపిస్తే బ్రేక్ ఆయిల్‌లో చేరిన ఎయిర్ తీసి (దీన్నే బ్లీడింగ్ అంటారు) పంపారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఒకసారి తీసిన గాలి మళ్లీ చేరిందంటే ఎక్కడో దారి ఉన్నట్టే. అది మూయకుండా ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా ఆయిల్ దండగ. అందుకే ఈసారి పానా పట్టే ముందు పెడల్‌తోనే పరీక్షలు మొదలుపెట్టాం.

ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో (ఇంజిన్ వాక్యూమ్‌తో మన కాలి బలాన్ని పెంచే డబ్బా) వాక్యూమ్ పోయేదాకా తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగింది. బూస్టర్ బాగానే ఉంది. తర్వాత ఒత్తిడి మార్చకుండా ఒక నిమిషం తొక్కి పట్టాలి. పెడల్ మెల్లగా దిగుతూ పోతే, బయట చుక్క కూడా కారకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) లోపలి రబ్బరు కప్పులు అరిగాయని అర్థం. మాది దిగలేదు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి తొక్కితే పెడల్ కాస్త ఎత్తులో నిలిచింది కానీ మెత్తదనం పోలేదు. వెనక షూలకు (డ్రమ్‌కు ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) గ్యాప్ కొంచెం ఉంది, అసలు రోగం అది కాదు.

అసలు గుట్టు బయటపెట్టింది హోస్ క్లాంప్, అంటే చక్రాలకు ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టాలను నొక్కి మూసే పట్టు. రబ్బరు హోస్‌లు నొక్కడానికి అంచులు నున్నగా ఉన్న క్లాంపే వాడాలి, మామూలు ప్లయర్ పళ్లు రబ్బరును కోసేస్తాయి. అన్ని హోస్‌లూ నొక్కి ఉంచితే పెడల్ పైనే గట్టిగా నిలబడింది. అంటే మాస్టర్ సిలిండర్ నిర్దోషి. ఒక్కొక్కటే వదులుతూ వచ్చాం. ఎడమ వెనక హోస్ వదలగానే తమ్ముడు లోపల్నుంచి "అన్నయ్యా, ఇదే! కిందికి పోయింది" అని అరిచాడు. కుడి ముందు హోస్ దగ్గర కూడా కొంచెం తేడా తెలిసింది. వాడు తొక్కుతుంటే ఆ హోస్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాను. ఒకచోట రబ్బరు ఉబ్బడం చేతికి స్పష్టంగా తగిలింది.

బండిని స్టాండ్ల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఎడమ వెనక డ్రమ్ తీశాం. ఆ దుమ్మును నోటితో గానీ ఎయిర్‌తో గానీ ఊదకూడదు, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవాలి. వీల్ సిలిండర్ (షూలను డ్రమ్ మీదికి నెట్టేది) మీది రబ్బరు తొడుగు అంచు స్క్రూడ్రైవర్‌తో ఎత్తగానే డికాషన్ రంగు ఆయిల్ బయటికి జారింది. షూ కింది భాగం నానిపోయి ఉంది.

రబ్బరు కిట్ వేస్తే చౌకే. కానీ బోర్‌లో, అంటే సిలిండర్ లోపలి గోడలో, వేలికి తగిలేంత తుప్పు గుంటలు ఉంటే కొత్త కప్పు కూడా ఎక్కువ కాలం నిలవదు. అందుకని సిలిండరే కొత్తది వేశాం. ఆయిల్ తాగిన షూను ఎంత కడిగినా నమ్మలేం, కాబట్టి రెండు వైపులా కొత్త సెట్. ముందు చక్రాల హోస్‌లు రెండూ మార్చాం. బోల్టుల దగ్గర రాగి వాషర్లు కొత్తవే వేయాలి, పాతవి చెమ్మ కారతాయి.

బ్లీడింగ్‌కు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాం. తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, చివర్లో కుడి ముందు. బండి మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించాలి. నిపుల్‌కు (చక్రం దగ్గర గాలి, ఆయిల్ వదిలే చిన్న మర) పారదర్శక పైపు తొడిగి, రెండో కొన కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచాం.

"తొక్కి పట్టరా."

"పట్టా."

నిపుల్ విప్పి, బుడగలు వచ్చాక బిగించి, ఆ తర్వాతే "వదులు". ఈ వరుస తప్పితే గాలి వెనక్కి పోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టాం. రోజూ నడపడంలో పెడల్ నేలదాకా పోదు, అందుకే పాత మాస్టర్ సిలిండర్‌లో ఆ చివర తుప్పు పేరుకుని ఉండొచ్చు. ఒక్కసారిగా పూర్తిగా తొక్కితే కప్పు అంచు దాని మీద చిరిగిపోవచ్చు. ట్యాంకులో ఆయిల్ ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయాలి.

షూలు సర్ది, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ సరిచేశాక పెడల్ మూడోవంతు దూరంలోనే గట్టిగా పట్టుకుంటోంది. ముందు సందులో నెమ్మదిగా, తర్వాత ఖాళీ రోడ్డు మీద ఆపి చూశాం. బండి ఏ పక్కకూ లాగడం లేదు. కొత్త షూలు ఇంకా డ్రమ్‌కు పూర్తిగా కుదరలేదు కాబట్టి ఘాట్ ఎక్కించలేదు.

మిగిలిన పని కుడి వెనక స్టీల్ పైపు. క్లిప్ కింద తుప్పు పొరలుగా లేస్తోంది. నట్ అంచులు పోకుండా ఫ్లేర్ నట్ పానా (పైపు నట్‌ను చుట్టూ పట్టుకునే పానా) తెచ్చిపెట్టుకున్నాం. వచ్చే ఆదివారం ఆ పైపు మార్చి, ఆ చక్రానికి మళ్లీ ఎయిర్ తీయాలి.