జపాన్ ట్రైనింగ్ ముగించుకుని సిక్కోలు దిగేవాళ్ళకి

ఉద్దానం ఊళ్ళలో పై దేశం నుంచి మనిషి దిగితే పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట "ఏటి తెచ్చినావు నానా?" అనే. గల్ఫ్ నుంచో, మలేషియా నుంచో వచ్చినవాడు డబ్బు లెక్క చెప్పేస్తాడు. జపాన్ టెక్నికల్ ఇంటర్న్ ట్రైనింగ్‌లో వెల్డింగ్ చేసి వచ్చినవాడు ఇంకొకటి కూడా చెప్పాలి. 1993లో జపాన్ ఈ ప్రోగ్రాం మొదలుపెట్టినప్పుడు చెప్పుకున్న ఉద్దేశమే అది: అక్కడ నేర్చిన పని సొంత దేశంలో వాడాలి. మన దేశం 2017 అక్టోబరులో ఒప్పందం చేసుకుని ఇందులోకి వచ్చింది. నేర్పినవాళ్ళ రుణం తీరేది రాజాం, బొబ్బిలి, పలాస షెడ్లలో ఆ పని ఇంకో చేతికి అందినప్పుడేనని మా నమ్మకం.

బయలుదేరే ముందు చేయాల్సిన మొదటి పని ఉత్తరం. నేర్పిన సీనియర్‌కి చేత్తో రాసి ఇవ్వండి, నాలుగు వాక్యాలు చాలు. "అన్నిటికీ ధన్యవాదాలు" అని ఊరుకోకుండా, ఏ పని నేర్పారో పేరు పెట్టి రాయాలి: "నిలువు జాయింటు వేసేటప్పుడు మోచెయ్యి పక్కటెముకకి ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ చెయ్యి పైకి జరపడం మీరే చూపించారు" అని. అలాంటి ఉత్తరం అందుకున్న మనిషి మీ తర్వాత వచ్చే మన కుర్రాడిని ఇంకా శ్రద్ధగా చూసుకుంటారు. ఖరీదైన బహుమతి ఇస్తే తిరిగి ఏమివ్వాలా అని వాళ్ళు ఇబ్బంది పడతారు.

తర్వాత కాగితాలు. ఇక్కడ తొందరపడితే నష్టం డబ్బులోనే. నెలనెలా జీతంలో కోసిన పెన్షన్ సొమ్ములో కొంత, దేశం వదిలాక ఒకేసారి తీసుకోవచ్చు. కనీసం 6 నెలలు కట్టి ఉండాలి, జపాన్‌లో చిరునామా తీసేశాక 2 ఏళ్ళలోపు దరఖాస్తు చేయాలి. అందుకే బయలుదేరే ముందే మున్సిపల్ ఆఫీసులో దేశం వదిలి వెళ్తున్నట్టు నమోదు చేయించాలి. వచ్చే సొమ్ములో 20.42 శాతం పన్ను పట్టుకుంటారు. అది వెనక్కి రావాలంటే అక్కడ ఉండే మనిషి ఒకరిని పన్ను ప్రతినిధిగా టాక్స్ ఆఫీసులో ముందే రాసి రావాలి. చాలామంది ఇదే మర్చిపోతారు. ఇంకో చిక్కు పేర్లది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఊళ్ళో బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటే డబ్బు వెనక్కి తిరిగిపోవచ్చు. బ్యాంకు పేరు ముందే సరిచేయించండి, విదేశీ సొమ్ము తీసుకోవడానికి స్విఫ్ట్ కోడ్ ఏది వాడాలో బ్రాంచిలో రాయించుకోండి. ఒకసారి ఈ సొమ్ము తీసుకుంటే ఆ ఏళ్ళు పెన్షన్ లెక్కలోంచి పోతాయి. రెండు దేశాల్లో పెన్షన్ కట్టిన ఏళ్ళు కలిపి లెక్కించే సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు నుంచి ఉంది కాబట్టి, మళ్ళీ జపాన్ వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఆలోచించుకుని అడగాలి.

సామాను విషయం ఒక్క మాట. అక్కడ ఇళ్ళల్లో కరెంటు 100 వోల్టులు, ఇక్కడ 230. ముచ్చటపడి తెచ్చిన గ్రైండర్ ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది.

ఇక మనిషిలో వచ్చే మార్పు. అక్కడి వర్క్‌షాపులో అన్నిటికన్నా విలువైన అలవాటు, తప్పు జరిగిన నిమిషంలోనే చెప్పడం. కొలత 2 మిల్లీమీటర్లు తప్పిందా, పని ఆపి, పైవాడిని పిలిచి, ఏం జరిగిందో, ఎన్ని ముక్కలు పాడయ్యాయో చెప్పాలి. మన షెడ్లలో ఇది కష్టం, చెప్పినవాడికి తిట్లు పడతాయి కాబట్టి. తిరిగొచ్చినవాడు మేస్త్రీ అయితే మార్చాల్సింది అదే: చెప్పినవాణ్ణి తిట్టకుండా ముక్క పక్కన పెట్టించి, కారణం వెతకాలి. ఆర్క్ (వెల్డింగ్ మంట) కొట్టే ముందు వేలు పెట్టి చూపిస్తూ "గ్యాస్ సరే, ఎర్త్ సరే, పక్కన మనిషి లేడు" అని గట్టిగా అనడం కూడా నేర్పండి. నాలుగు రోజులు నవ్వుతారు, తర్వాత వాళ్ళే అంటారు.

పనిలో అసలు తేడా ఇక్కడుంది. అక్కడ ఎక్కువగా సిఓ2 మిషను (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కప్పుతూ వెల్డింగ్ చేసేది), గాలి తగలని వర్క్‌షాపు. ఇక్కడ ఆరుబయట, సముద్రపు గాలి. గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే కరిగిన ఇనుముని కాపాడే గ్యాస్ పొర చెదిరి బీడంతా (వెల్డింగ్ వరసంతా) పిన్‌హోల్స్, అంటే సన్నటి బొక్కలు, పడతాయి. గ్యాస్ నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు ఉంచి, గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టాలి. గ్యాస్ ఇంకా పెంచితే నయమవుతుందనుకోవడం పొరపాటు, మరీ ఎక్కువైతే అదే సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. బరువు మోసే జాయింట్లకి 7018 రకం వెల్డింగ్ రాడ్లు వాడితే చెమ్మే పెద్ద శత్రువు. విప్పిన ప్యాకెట్‌ని మన తీరపు తేమలో వదిలేస్తే రాడ్డు పైపూత నీరు పీల్చుకుంటుంది, ఆ నీటిలోంచి వచ్చే హైడ్రోజన్ వల్ల పని అయిపోయాక, ఒక్కోసారి మర్నాటికి, బీడు పక్కన పగులు వస్తుంది. 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో కాల్చి, వేడి డబ్బాలోంచి తీసి వాడాలి. ప్యాకెట్ మీద కంపెనీ వేరే లెక్క రాస్తే అదే పాటించాలి. ఎర్త్ క్లాంపు తుప్పు పట్టిన ఇనుము మీద వేస్తే ఆర్క్ నిలవదు, ముందు గ్రైండింగ్ పట్టండి. జింకు రేకు మీద వేస్తే ఆ పొగకి రాత్రి చలిజ్వరం వస్తుంది, అంటించే చోట జింకు తీసేసి, పని చేసేవాణ్ణి పొగకి ఎదురుగా కాకుండా పక్కకి కూర్చోబెట్టండి.

మీరూ వెళ్తామని అడిగే కుర్రాళ్ళకి ఒకటి తప్పకుండా చెప్పండి: ఈ ప్రోగ్రాంలో డిపాజిట్ కట్టించుకోవడం, మధ్యలో వచ్చేస్తే జరిమానా అని సంతకం పెట్టించుకోవడం నిషేధం. జపాన్ 2024లో కొత్త చట్టం చేసింది, 2027 ఏప్రిల్ నుంచి దీని స్థానంలో వేరే పద్ధతి వస్తుంది. కాబట్టి పాత నిబంధనలు చూపించి డబ్బు అడిగే ఏజెంటు దగ్గర కాగితాలు ఒకటికి రెండుసార్లు చదివించుకోవాలి.

నేర్పడం మాటలతో కాకుండా ఇనుముతో మొదలుపెట్టండి. రెండు 6 మిల్లీమీటర్ల ముక్కలు టీ ఆకారంలో నిలబెట్టి, ఒక్క వైపే బీడు వేయించండి. చల్లారాక వైస్‌లో బిగించి, బీడు లేని వైపు నుంచి సుత్తితో కొట్టి, బీడు ఉన్న వైపుకి పడగొడితే జాయింటు విరిగి లోపలంతా కనబడుతుంది. మూల దాకా ఇనుము కరగకపోతే పలక అంచు గీతలా అలాగే నిలిచి ఉంటుంది: కరెంటు తక్కువో, చెయ్యి మరీ వేగమో. నల్లటి గాజులాంటి మచ్చలుంటే చిప్ప (బీడు మీద గట్టిపడిన పెంకు) కొట్టకుండా రెండో వరస వేశాడు. గుండ్రటి బొక్కలుంటే చెమ్మో, నూనో, గాలో. ఆ ముక్క మీద చాక్‌తో కరెంటు ఎంతో, రాడ్డు సైజు ఎంతో రాయించి దాచమనండి, తర్వాతి ముక్క దాని పక్కనే పెట్టి చూసుకుంటాడు.