ఒక్క పుంజు కోసం తొమ్మిది నెలలు: కాన్సస్‌లో నా ఫెజెంట్ వేట అనుభవం

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాను. పశ్చిమ కాన్సస్ మట్టి బూట్లకు ఇంకా అంటుకునే ఉంది. రెండు రోజులు, దాదాపు ఇరవై మైళ్ల నడక, చేతికి చిక్కింది ఒకే ఒక్క ఫెజెంట్ (కోడి జాతికి చెందిన అడవి పక్షి) పుంజు. దాని కోసం ఫిబ్రవరి నుంచి నేను పడిన పాట్లు నాలాగా వీసా మీద ఉన్న మరొకరికి అక్కరకు వస్తాయేమోనని, కోపమూ సంతోషమూ రెండూ చల్లారకముందే రాసి పెడుతున్నాను.

దీనికంతటికీ మూలం మా ఆఫీసు మిత్రుడు. వాళ్ల నాన్నగారు హేస్ పట్టణానికి పడమరగా వ్యవసాయం చేస్తారు. ఫిబ్రవరిలో ఒక శనివారం పొలంలో ఎర్ర దేవదారు మొక్కలు నరకడానికి మనుషులు కావాలని అడిగితే, ఊరికే చూసి రావచ్చని వెళ్లాను. మాది అనంతపురం జిల్లా. చెట్టు కనిపిస్తే నీళ్లు పోయాలనిపించే ఊళ్లో పెరిగినవాణ్ణి కనుక, ఎదిగిన చెట్టును మొదలంటా కోసి దానినే పర్యావరణ సేవ అనడం నాకు మొదట వింతగా తోచింది. ఆ పెద్దాయన వాదించలేదు. నన్ను గడ్డి దగ్గరికి తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు దుబ్బులను చేతులతో పక్కకు తీసి, మధ్యనున్న వట్టి నేల మీద తన రెండు వేళ్లను కాళ్లలా నడిపించి చూపించారు. ఫెజెంట్ పెట్ట నేల మీదే గూడు కట్టి ఇరవై మూడు రోజులు పొదుగుతుందట. పిల్లలు మొదటి వారాల్లో పురుగులు తిని బతకాలి. బ్లూస్టెమ్ వంటి ఇక్కడి దేశవాళీ గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరుగుతుంది కాబట్టి, పైన డేగకు కనబడకుండా కింద నడవడానికి వాటికి సందు ఉంటుంది. చాపలా పరుచుకునే బ్రోమ్ గడ్డిలో ఆ సందు ఉండదు. ఇక దేవదారు మొలిచిందంటే గడ్డిని మింగేయడమే కాక, డేగ కూర్చోవడానికి కొమ్మ కూడా ఇస్తుంది.

ఆయన భూమిలో ఒక క్వార్టర్, అంటే 160 ఎకరాలు, సి.ఆర్.పి. (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్) కింద ఉంది. 1985 వ్యవసాయ చట్టంతో వచ్చిన ఈ పథకంలో రైతు పది నుంచి పదిహేను సంవత్సరాల పాటు పంట మాని గడ్డి పెంచితే, ప్రభుత్వం ఏటా కౌలు చెల్లిస్తుంది. గూళ్లు కట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జులై 15 వరకు ఆ గడ్డిని కోయనివ్వరు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆ పెద్దాయన, "నవంబరులో రా, నువ్వు కోసిన చోటే నడుద్దువు గాని," అన్నారు. ఆ మాటతో చిక్కుకున్నాను.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవే జరిగింది. 2017లో మన తెలుగు ఇంజనీరును ద్వేషంతో కాల్చి చంపిన ఒలేతా మా ఇంటికి పావుగంట దూరం. "ఈ ఊళ్లో ఉంటూ మీరు ఇంటికి తుపాకీ తెస్తారా?" అని నా భార్య అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తాళం వేసిన ఇనుప బీరువా, తూటాలు వేరే గదిలో, తాళంచెవి ఆమె దగ్గర అనే ఒప్పందం మీద ఏప్రిల్‌లో ఒప్పుకుంది. "కోడిని కొంటావు కదా, పిట్టను చంపడమెందుకు" అని వాట్సాప్‌లో నీతులు చెప్పిన మిత్రులకు మాత్రం నా దగ్గర సమాధానం ఉంది. ఇక్కడ తుపాకుల మీద, తూటాల మీద 1937 నాటి చట్టం ప్రకారం పన్ను వసూలవుతుంది. పొడవు తుపాకులకూ తూటాలకూ అది 11 శాతం. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. విందులో బిర్యానీ తింటూ జీవకారుణ్యం బోధించేవారిలో ఒక్కరైనా ఆ ఫిబ్రవరి చలిలో రంపం పట్టి ఉంటే వారి మాట వినేవాణ్ణి.

లైసెన్సుకు ముందు వేట శిక్షణ సర్టిఫికెట్ కావాలి. 1957 జులై 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి కాన్సస్‌లో సాధారణంగా ఇది తప్పనిసరి. ఆన్‌లైన్ పాఠాలు రెండు రాత్రుల్లో ముగించాను. తరువాత ఒక రోజు మైదానంలో చేసి చూపాలి. ఆ రోజు సంగతి చెప్పడానికే అసలు ఇది రాస్తున్నాను.

ఆగస్టు ఎండలో, రేకుల షెడ్డు కింద, ముప్పై మంది వరకు కూర్చున్నాం. అందులో ఎక్కువ మంది పన్నెండేళ్ల లోపు పిల్లలు. వాళ్ల నాన్నలు వెనక కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. నలభై ఒక్క ఏళ్ల నేను ముందు వరుసలో, పిల్లల బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. ఒక తండ్రి నా పక్కకు వచ్చి, "మీ పిల్లవాడు ఎవరు?" అని మర్యాదగానే అడిగాడు. నేనే విద్యార్థినని చెప్పాను. నన్ను ముగ్గురు పిల్లలతో కలిపి ఒక జట్టు చేశారు.

మొదటి మజిలీ ముళ్ల కంచె. చేతికి నిజమైన తుపాకీయే ఇచ్చారు, తూటాలు లేకుండా. నేను దాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో తీగ నొక్కి, మా ఊరి పొలాల్లో దాటినట్టే దర్జాగా దాటాను. అవతలికి వెళ్లి తిరిగి చూస్తే ఎవరూ నవ్వడం లేదు. శిక్షకుడు, డెబ్బై ఏళ్లు దాటిన స్వచ్ఛంద కార్యకర్త, నాతో ఏమీ అనకుండా పక్కనున్న పిల్లవైపు తిరిగి, "సార్ ఏం మరిచిపోయారు?" అని అడిగారు. ఆ పిల్ల గడగడా చెప్పింది: తుపాకీ తెరిచి ఖాళీ చేయాలి, గొట్టం మనకు ఎదురుగా రాకుండా కంచె కింద నుంచి అవతల నేల మీద పెట్టాలి, గొట్టం లేని వైపు నుంచి దాటాలి, ఆ తరువాతే ఎత్తుకోవాలి. "ఇది ఖాళీదే కదా," అని నేను గొణిగాను. "ప్రమాదం చేసిన తుపాకులన్నీ ఖాళీవే సార్," అన్నారాయన.

అక్కడితో ఆగినా బాగుండేది. తరువాతి మజిలీలో నలుగురం వరుసగా, ముప్పై అడుగుల ఎడంతో, గడ్డిలో నడవాలి. ఎవరికి వారికి ముందున్న కోణం మాత్రమే కాల్చే హద్దు. పక్కవాడి వైపు గొట్టం తిరగకూడదు. ఎక్కడో తాడు లాగితే ప్లైవుడ్ పక్షి పైకి లేస్తుంది. కాల్చదగినదైతే "బ్యాంగ్" అని నోటితో అనాలి. నా కుడివైపు నుంచి పొడవాటి తోకతో ఒకటి లేచింది. అంతకుముందు పోయిన పరువును రాబట్టుకోవాలన్న ఆత్రంలో తుపాకీ దాని వెంట తిప్పుతూ గట్టిగా "బ్యాంగ్" అన్నాను.

అందరూ ఆగిపోయారు. నా కుడివైపు నడుస్తున్న కుర్రవాడు తనంతట తానే నేల మీద కూర్చున్నాడు, అలా కూర్చోవాలని వాడికి నేర్పారు. అప్పుడు చూశాను, నా తుపాకీ గొట్టం వాడు నిలబడిన చోటుకే తిరిగి ఉంది. శిక్షకుడు వచ్చి మెల్లగా గొట్టం నేల వైపు దించి, నా చేతిలోంచి తుపాకీ తీసుకుని, పక్షి చూడమన్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే అది గోధుమ రంగు పెట్ట. కాన్సస్‌లో పుంజులను మాత్రమే వేటాడాలి. ఒక పుంజు ఎన్నో పెట్టలతో జతకడుతుంది గనుక కొన్ని పుంజులు పోయినా మరుసటేటి గూళ్లు తగ్గవు, పెట్ట పోతే ఏకంగా ఒక గూడు పోతుంది. ఇదంతా నాకు తెలుసు, ఆన్‌లైన్ పరీక్షలో రాశాను కూడా. నేల మీద కూర్చున్న ఆ కుర్రవాడు లేచి ప్యాంటు దులుపుకుంటూ, "తోక చూడకూడదు, మెడలో తెల్ల పట్టీ చూడాలి," అని నాకు చెప్పాడు. వెక్కిరింత కాదు, నిజంగానే సాయం చేస్తున్నాడు. అదే ఎక్కువ బాధించింది.

పిల్లలందరూ పూర్తి చేసే వరకు నన్ను ఎండుగడ్డి మోపు మీద కూర్చోబెట్టారు. గంటన్నర. పద్దెనిమిది సంవత్సరాలుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండి, సరిచూడకుండా విడుదల చేశారని కుర్ర ప్రోగ్రామర్లను ఎందరినో మందలించిన మనిషిని నేను. రెండోసారి నడిచినప్పుడు మూడు పక్షులు లేస్తే మూడింటికీ నోరు విప్పలేదు. మూడోదానికి కాల్చవచ్చట, అయినా ఆయన సంతకం పెట్టారు. కాల్చనందుకు ఎవరినీ ఫెయిల్ చేయరని చెప్పారు.

లైసెన్సు ఫోనులో ఐదు నిమిషాల పని. తుపాకీ కొనడం మాత్రం వేరే కథ. నాది హెచ్‌-1బి. వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకీ కొనరాదని ఫెడరల్ చట్టం చెబుతుంది గాని, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి అదే చట్టం మినహాయింపు ఇస్తుంది. తుపాకీ కొనేవారు నింపే 4473 ఫారంలో దీనికి ప్రశ్నే ఉంది. నేను వెళ్లిన దుకాణంలో కౌంటరు మీది వ్యక్తి ఆ ఫారాన్ని రోజూ నింపిస్తాడు గాని, ఆ ప్రశ్న ఎన్నడూ చదివినట్టు లేదు. పది మంది వింటుండగా "వీసా వాళ్లకు అమ్మం" అన్నాడు. మేనేజరు వచ్చి చదివి, తప్పు ఒప్పుకోకుండా, అమెరికాలోకి ప్రవేశించినట్టు చూపే ఐ-94 కాగితం కావాలన్నాడు. అది నా దగ్గర లేదు. మరుసటి వారం వేరే దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దావిడ ఐ-94, ఇప్పటి చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, వేట లైసెన్సు మూడూ తీసుకుని పని మొదలుపెట్టింది. కొనేవారి పూర్వాపరాల తనిఖీ వెంటనే తేలక ఆలస్యమని వచ్చింది. మూడు పనిదినాలు గడిచాక తుపాకీ ఇచ్చింది. నా సలహా ఒక్కటే: కాగితాలు ముద్రించి తీసుకెళ్లండి, గొంతు పెంచకండి, మొదటి దుకాణం కాదంటే రెండోదానికి నడవండి.

నవంబరు రెండో శనివారం సీజను మొదలైంది. రోజుకు నాలుగు పుంజుల వరకు అనుమతి ఉందని ఎంతో ఊహించుకున్నాను. మొదటి రోజు మూడు పుంజులు లేచాయి, మూడుసార్లూ అవి వెళ్లిపోయాక తుపాకీ భుజానికి చేరింది. పెట్టలు పదిహేను దాకా లేచాయి. లేచిన ప్రతిసారీ "పెట్ట!" అని అందరికంటే ముందు అరిచింది నేనే.

ఆదివారం మధ్యాహ్నం, మేము దేవదార్లు కోసిన వాలు దాటి, పక్క పొలంలో జొన్న కోసిన మోళ్ల అంచుకు వచ్చాం. అమెరికాలో జొన్న అందరికంటే ఎక్కువ పండించేది కాన్సస్. ఇక్కడ మైలో అంటారు, మనిషి నడుము దాటని పొట్టి రకం, గింజ ఎర్రన. కుక్క ఆగింది. నా ముందు ఐదు గజాల్లో గడ్డి పేలినట్టు ఒక పుంజు కేకవేస్తూ లేచింది. మెడ చూశాను. తెల్ల పట్టీ. కుడివైపు చూశాను. ఎవరూ లేరు. అప్పుడు కాల్చాను.

పక్షిని శుభ్రం చేసేటప్పుడు ఆ పెద్దాయన మెడ కింది మేతసంచి కోసి అరచేతిలో గుమ్మరించారు. ఎర్ర జొన్నలు, రెండు గడ్డి విత్తనాలు, ఒక మిడత కాలు. మా తాత బోనులో పెంచిన కౌజు పిట్ట కూతతో అడవి కౌజులను పిలిచి ఉచ్చులో పట్టేవారు. వాటి కడుపులోనూ జొన్నలే ఉండేవని చెప్పేవారు. అది 1972 చట్టానికి ముందు సంగతి. ఇప్పుడు మన దగ్గర అలా పట్టడం నేరం, సరదాకు కూడా ఎవరూ ప్రయత్నించవద్దు.

పక్షి పుంజో పెట్టో తెలియడానికి ఒక కాలు అలాగే ఉంచి ఇంటికి తేవాలి. ఫ్రిజ్ తెరిచిన నా భార్య ఆ కాలిని చూసి పెట్టిన కేకకు పిల్లవాడు నిద్ర లేచాడు. నిన్న అల్లం, మిరియాలు వేసి పులుసు పెట్టింది. కోడి కంటే ముదురుగా, గంటన్నర ఉడికింది. పిల్లవాడి పంటి కింద చిన్న గుండు ఒకటి తగిలితే తీసి పళ్లెం అంచున పెట్టాడు. రెండోది నాకు వచ్చింది.