1969 కెమారో కొనడం: నా అనుభవం, ఒక దొంగ పంచింగ్ కథ

బండి నిన్న సాయంత్రమే ఇంటికొచ్చింది, చేతులకి గ్రీజు వాసన ఇంకా పోలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, లేకపోతే సగం మర్చిపోతా.

మాది విజయవాడ. నాన్నకి ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది, సిలిండర్ బోరింగ్, హెడ్ ఫేసింగ్ పనులు చేసేవారు. నేను పన్నెండేళ్ళుగా అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి దగ్గర మేసన్‌లో ఉంటున్నా. మాకు దగ్గర్లోనే నార్వుడ్ అని చిన్న ఊరు ఉంది, జనరల్ మోటార్స్ వాళ్ళు షెవర్లే కెమారో కార్లు చేసిన ఫ్యాక్టరీ అక్కడే ఉండేది, 1987లో మూసేశారు. ఆ ఊళ్ళో తయారైన 1969 జెడ్28, అంటే కెమారోల్లో ఒక ప్రత్యేకమైన రకం, కొనాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

చిక్కేంటంటే జెడ్28 అనేది ఆ రోజుల్లో ఒక ఆప్షన్ ప్యాకేజీ, అది విన్ నంబర్‌లో, అంటే కారు గుర్తింపు నంబర్‌లో, కనపడదు. 124379ఎన్ అని మొదలైతే షెవర్లే కెమారో, వీ8, రెండు డోర్ల కూపే, 1969, నార్వుడ్ అని తెలుస్తుంది, అంతే. మామూలు వీ8 కెమారోకీ అవే అంకెలు. పాంటియాక్ అయితే పాత బిల్లింగ్ రికార్డులు తెప్పించుకోవచ్చు, ఫోర్డ్ అయితే ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసిచ్చే మార్టీ రిపోర్ట్ తీసుకోవచ్చు, అమెరికాలో అమ్మిన ఈ కెమారోకి అలా ఫ్యాక్టరీ నుంచి అడిగి తెచ్చుకునే కాగితం లేదు. ఆ ఏడాది మోడల్లో 20,302 జెడ్28లు తయారయ్యాయి, మామూలు కారుకి రెండు చారలు వేసి, ఇంజన్ మార్చి జెడ్28 అని అమ్మేవాళ్ళకి లెక్కే లేదు.

ఇండియానాలో ఒక డీలర్ దగ్గర ఆరెంజ్ కారు దొరికింది. ఇంజన్ వెనక గోడ, అంటే ఫైర్‌వాల్ మీద రేకు ట్యాగ్‌లో ఎక్స్33 ఉంది, నార్వుడ్‌లో 1968 డిసెంబర్ నుంచి కొట్టిన కోడ్ అది, స్టైల్ ట్రిమ్‌తో వచ్చిన జెడ్28 అని అర్థం. పెయింట్ కోడ్ 72, అంటే హగ్గర్ ఆరెంజ్, సరిపోయింది. బాడీ తేదీ 02సీ, ఫిబ్రవరి మూడో వారం. దాంతోపాటు ఒక అప్రైజర్, అంటే కారు చూసి విలువ కట్టే అతను ఇచ్చిన సర్టిఫికెట్, ‘ఒరిజినల్ ఇంజన్’ అని పెద్ద అక్షరాల్లో. నేను మురిసిపోయి 2,000 డాలర్లు అడ్వాన్స్ కట్టేశా. తర్వాత తెలిసింది, ఆ అప్రైజర్‌కి డబ్బులిచ్చింది డీలరే, ఆయన కారు కింద దూరిన పాపాన పోలేదు. అమ్మేవాడు డబ్బిచ్చి రాయించిన సర్టిఫికెట్‌ని దయచేసి ఎవరూ నమ్మకండి.

మళ్ళీ శనివారం మా బావమరిదిని, మా అబ్బాయిని తీసుకుని వెళ్ళా. ఇంజన్ ముందు కుడివైపు, ఆల్టర్నేటర్ వెనక చిన్న చదును భాగం ఉంటుంది, దాన్నే ప్యాడ్ అంటారు, ఇంజన్ ఆ కారుదేనా కాదా అని చెప్పే నంబర్లు ఉండేది అక్కడే. మన ఊళ్ళో ఆర్సీ మార్చేటప్పుడు ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీస్తారు కదా, అలాగే తీద్దామని కాగితం పెట్టి రుద్దుతున్నా. అంతే, సేల్స్ అతను వచ్చి అందరి ముందు గట్టిగా మొదలెట్టాడు. ‘కారు కొనేవాడు పెన్సిల్ పట్టుకుని రాడు, నీలాంటివాళ్ళు వారానికి పదిమంది వస్తారు, కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇంజన్ గురించి ఏం తెలుసు’ అని. షోరూమ్‌లో ఉన్నవాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. మా అబ్బాయి నా చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. నాకు నోట మాట రాలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశా. ఇంటికి వచ్చేదాకా కార్లో ఎవరం మాట్లాడుకోలేదు.

రాత్రి ఆ ప్రింట్ నాన్నకి వీడియో కాల్‌లో చూపించా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, ‘ఇది మళ్ళీ ఫేసింగ్ పెట్టిన బ్లాకు రా, గీతలు వంపు తిరిగున్నాయి చూడు’ అన్నారు.

అసలు గుట్టంతా అక్కడే ఉంది. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని బ్రోచ్ అనే పెద్ద కత్తితో ముందు నుంచి వెనక్కి ఒకే లాగులో కోస్తారు, గీతలు తిన్నగా, పక్కపక్కన పడతాయి. బయట షాపుల్లో తిరిగే కట్టర్‌తో కోస్తే విల్లులా వంపు గీతలు పడతాయి. పాత నంబర్ చెరిపేసి కొత్తది కొట్టాలంటే ముందు కోయాలి కదా, ఆ కోత దాగదు. ఇంకోటి, అక్కడ రెండు నంబర్లు ఉంటాయి. ఇంజన్ కోడ్ మిషిగన్‌లోని ఫ్లింట్‌లో కొడతారు, ఆ కారు ప్యాడ్ మీద వీ0212డీజెడ్ అని ఉంది, అంటే ఫ్లింట్, ఫిబ్రవరి 12, డీజెడ్ అంటే జెడ్28కి వేసే 302 ఇంజన్. కారు నంబర్ మాత్రం నార్వుడ్‌లో కారుకి ఇంజన్ జత చేసేటప్పుడు కొడతారు, కొన్నిటికి అది ఆయిల్ ఫిల్టర్ దగ్గర ఉంటుంది. రెండు ఊళ్ళు, అక్షరాలు కొట్టే పంచ్ సెట్లు రెండు, ఇద్దరు మనుషులు. నా ప్రింట్‌లో రెండూ ఒకే లోతులో, ఒకే గీత మీద, ఒకే చేత్తో రాసినట్టున్నాయి.

సోమవారం సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళా, ఈసారి చిన్న అద్దం, టార్చి తీసుకుని. మేనేజర్‌ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నా. బ్లాకు వెనక కుడివైపు, గేర్‌బాక్స్ కలిసే అంచు మీద పోతపోసిన తేదీ ఉంటుంది, జిడ్డు తుడిచి చూస్తే సీ 20 9, అంటే 1969 మార్చి 20. బిగించిన తేదీ ఫిబ్రవరి 12 అంట, పోతపోసింది మార్చి 20 అంట! పుట్టకముందే పెళ్ళి చేశారు ఈ ఇంజన్‌కి. మేనేజర్ అద్దంలో రెండుసార్లు చూసి ఏం మాట్లాడలేదు. శనివారం అరిచినతను ఆ రోజు నా దరిదాపుల్లోకి రాలేదు. నలభై ఏళ్ళు లేత్ మీద నిలబడ్డ మనిషి ఏడు సముద్రాల అవతల నుంచి పెన్సిల్ ప్రింట్ చూసి పట్టేశారు, ఆ మాట నేను ఎక్కడైనా గర్వంగా చెప్తా.

రెండో కారు కెంటకీలో ఒక పెద్దాయన దగ్గర దొరికింది. నేను అడగకముందే ఆయనే స్క్రూడ్రైవర్ తెచ్చి విండ్‌షీల్డ్ ముందున్న కౌల్ ప్యానెల్ విప్పారు. దాని కింద, మామూలుగా ఎవరికీ కనపడని చోట, 19ఎన్‌తో మొదలయ్యే నంబర్, డ్యాష్‌బోర్డు మీద ప్లేట్‌లో ఉన్న చివరి అంకెలే. ప్యాడ్ మీద గీతలు తిన్నగా ఉన్నాయి, కారు నంబర్‌లో ఒక 6 రెండుసార్లు పడి నీడలా ఉంది, వరస కాస్త కిందికి వాలింది. వారంటీ పుస్తకంలో ప్రొటెక్టోప్లేట్ అనే చిన్న లోహపు పలక ఉంది, షెవర్లే వాళ్ళు అప్పట్లో కారుతోపాటు ఇచ్చేవాళ్ళు, దాని మీద కూడా డీజెడ్, అదే కారు నంబర్. పోత తేదీ, ఇంజన్ తేదీ, బాడీ వారం, వరసగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. బేరం పది నిమిషాల్లో అయిపోయింది. బయటి రాష్ట్రం బండి కాబట్టి ఒహాయోలో విన్ తనిఖీ ఉంటుంది, అదీ సాఫీగానే అయింది.

మొదటి డీలర్ 1,500 వెనక్కిచ్చాడు, మిగతా 500 ‘ప్రాసెసింగ్’ అంటున్నాడు. వదలను, వచ్చేవారం మళ్ళీ వెళ్తున్నా. కారు ఫోటోలు అడిగినవాళ్ళందరికీ పంపిస్తా, ప్యాడ్ ఫోటో మాత్రం అడగొద్దు, ఆ అక్షరాలు చూసి అచ్చం అలాంటి పంచ్‌లు చేయించుకునేవాళ్ళు ఉన్నారు. పెన్సిల్ ప్రింట్‌కి ఫ్రేమ్ కట్టించి నాన్నకి కొరియర్ చేశా, ఇంకా చేరలేదు.