రెండు బ్యాటరీలు, ఒక్క స్విచ్

ఇవాళ ఆదివారం, అయినా పొద్దున్నే అయిదున్నరకి లేచేశా, అమ్మ నుదురు పట్టుకుని చూసింది జ్వరమేమో అని. జ్వరం కాదు, గాలి గురించి. మా పాలకొల్లు వైపు ఎండాకాలం తొమ్మిది దాటిందంటే సముద్రం గాలి మొదలైపోద్ది, ఆ గాలిలో డ్రోన్ ట్యూన్ చేయడమంటే కదిలే బస్సులో సూదికి దారం ఎక్కించడమే.

మన డ్రోన్‌ది ఎఫ్ 450 అనే నాలుగు మోటర్ల ఫ్రేము, దాని మీద ఎగరడాన్ని నడిపించే బోర్డు పిక్స్‌హాక్, ముందు పాత గోప్రో. ఎగరడం బానే ఎగురుద్ది, వీడియోనే దరిద్రం. కొబ్బరిచెట్లన్నీ కాలవ నీళ్ళలో నీడల్లా వంకర్లు తిరుగుతా ఉంటాయి. కెమెరా సెన్సర్ బొమ్మ మొత్తం ఒకేసారి తీసుకోదు కదా, పై వరస నుంచి కింద దాకా ఒక్కోటీ చదువుకుంటా పోద్ది, ఈలోపు ఫ్రేము వణికితే ఒక్కో వరస ఒక్కో చోట పడుద్ది. నేనేమో నెల్రోజులుగా ఇదంతా పీఐడీ, అంటే డ్రోన్ కదలికల్ని సర్దే నంబర్లు, తప్పనుకుని పీ పెంచడం, డీ తగ్గించడం, యూట్యూబ్ చూడటం, మళ్ళీ మొదటికి రావడం. నిన్న సాయంత్రం బుద్ధొచ్చి ఎగిరినప్పటి రికార్డు, అదే లాగ్, తెరిస్తే వైబ్ జెడ్, అంటే పైకీ కిందకీ వణుకు, 40 దాటి ఉంది! అది 30 లోపు ఉండాలి. ఇంక నంబర్లతో ఏం గోక్కుంటాం.

అందుకే రాత్రే ప్రొపెల్లర్లు నాలుగూ పీకి, రెక్కల బరువు తేడా చూపించే బ్యాలెన్సర్ ఎక్కించా. రెండు అయస్కాంతాల మధ్య చిన్న ఇరుసు, అంతే, కానీ కంసాలి త్రాసుని మించిన పట్టింపు దానికి, ఊపిరి తగిలినా తిరుగుద్ది, ఫ్యాన్ ఆపేసుకుని చెమటలు కారుస్తా కూర్చున్నా. బరువు రెక్క కిందకి దిగుద్ది, తేలిక రెక్కకి సెల్లోటేపు ముక్క అంటించాలి. మూడింటికి గోరంత టేపుతో సరిపోయింది. నాలుగోది ఉంది చూడండి, అడ్డంగా పెడితే నిలబడుద్ది, నిలువుగా పెడితే పక్కకి తిరిగిపోద్ది, అంటే తేడా రెక్కల్లో లేదు, నడుమ బొడ్డులో ఉంది. తేలిక పక్క గ్లూ గన్ చుక్క పెట్టా, ఎక్కువైంది, గీకా, తక్కువైంది, మళ్ళీ పెట్టా, పన్నెండయింది.

దాళ్వా కోతలైపోయాయి కాబట్టి బాబాయ్ చేలో బోల్డంత ఖాళీ. ముందు ఫ్రేము నడుమ రెండు వేళ్ళు పెట్టి ఎత్తి చూస్తే ముక్కు దిగిపోతోంది, గోప్రో బరువు, అందుకేనేమో ముందు మోటర్లు రెండూ ఎప్పుడూ వేడెక్కేవి. బ్యాటరీని రెండు వేళ్ళంత వెనక్కి జరిపా. లేపి గాల్లో ఒక్కచోటే నిలబెట్టి లాగ్ చూస్తే వైబ్ జెడ్ 14. నిజం చెప్తున్నా, చేలో ఒక్కడ్నే చప్పట్లు కొట్టుకున్నా.

ఇంక ఆటోట్యూన్. ఆల్టిట్యూడ్ హోల్డ్‌లో పెట్టి, అంటే ఎత్తు మారకుండా నిలబెట్టి, ఆటోట్యూన్ స్విచ్ పైకి వేస్తే అదే ఇటొక కుదుపు అటొక కుదుపు కుదుపుకుంటా తనకి సరిపోయే పీఐడీ నంబర్లు వెతుక్కుంటది. గట్టు మీంచి బాబాయ్ "ఏరా, పూనకం గానీ వచ్చిందా దానికి?" అన్నాడు. రోల్ (పక్కలకి వాలడం) అయింది, పిచ్ (ముందుకీ వెనక్కీ వాలడం) సగంలో ఉండగా బ్యాటరీ అలారం, దింపేశా, దింపగానే అలవాటుగా ఆ స్విచ్ కిందకి నొక్కి డిసార్మ్ చేశా, అంటే మోటర్లు ఆపేశా.

స్విచ్ పైనే ఉంచి డిసార్మ్ చేస్తేనే కొత్త నంబర్లు సేవ్ అవుతాయి. తెలుసు నాకు. డాక్యుమెంటేషన్‌లో చదివా, వేరేవాళ్ళకి చెప్పా కూడా.

"పోయిందా?" అన్నాడు బాబాయ్ నా మొహం చూసి. పడిపోలేదు బాబాయ్, మర్చిపోయిందంతే అన్నా, ఆయనకేం అర్థమైందో గానీ ముంజెలు కొట్టి పెట్టాడు.

రెండో బ్యాటరీకి ఎనిమిదిన్నర, కొబ్బరాకులు అప్పటికే కదులుతున్నాయి, ఆశపడకుండా ఏ కదలిక ట్యూన్ చేయాలో చెప్పే ఆక్సిస్ సెట్టింగ్‌లో రోల్ ఒక్కటే పెట్టుకున్నా. ఈసారి దిగాక రెండు చేతులూ రిమోట్ కింద పెట్టుకుని, బొటనవేలితో మాత్రం డిసార్మ్ చేశా. సేవ్ అయింది. పిచ్, యా (ఉన్నచోటే ఎడమకీ కుడికీ తిరగడం) రేపు పొద్దున.

ఇంటికొచ్చి స్విచ్ పక్కన టేపు ముక్క అంటించి "దించకు" అని రాశా. సెల్లోటేపు రోలేమైందని అమ్మ వెతుకుతోంది.