రెండు కార్తీకాల ఇంట్లో పాస్తా

ఒడిశాలోని మా రాయగడ బజారులో ఛెనా దొరకని రోజు ఉండదు. మిఠాయి దుకాణాలవాళ్ళు పొద్దున్నే పాలు విరిచి గుడ్డలో కట్టి వేలాడదీస్తారు. రసగుల్లాలకు పోగా మిగిలింది అడిగితే తూచి ఇస్తారు. మా ఇంట్లో ఆదివారాలు పాస్తా వండటానికి అసలు కారణం ఆ ఛెనాయే. ఇటలీలో పాలకూర, రికోటా కలిపి పాస్తా చుట్టల్లో కూరి, సాసు పోసి ఓవెన్లో కాలుస్తారు. దాన్ని కన్నెలోని అంటారు. రికోటా మా ఊళ్ళో దొరకదు కానీ ఛెనా దానికి దగ్గర చుట్టమే. చీజ్ తీయగా మిగిలిన తేటను మళ్ళీ కాస్తే వచ్చేది రికోటా. ఛెనాకు పాలనే విరుస్తారు కాబట్టి కాస్త పొడిగా, పలుకుగా ఉంటుంది. అందుకని మిఠాయివాళ్ళు చేసినట్టే పళ్ళెంలో వేసి అరచేతి మొదలుతో నెట్టుతూ రుద్దాలి. పలుకు పోయి చేతికి జిడ్డు తగలడం మొదలైతే చాలు. అప్పుడు రెండు చెంచాల పాలు, ఉప్పు, కొంచెం జాజికాయ పొడి కలపాలి. ఈ రుద్దే పని మా పెద్దదానిది. ఎనిమిదేళ్ళ చిన్నవాడు మగ్గిన పాలకూరను పిండుతాడు. ఆకులో నీళ్ళు మిగిలితే చుట్ట అడుగు తడిసి చిరిగిపోతుంది కాబట్టి, వాడి పిడికిలి తర్వాత నేనూ ఒకసారి పిండుతాను.

ప్రవాసులంటే అందరికీ అమెరికా వాళ్ళే గుర్తొస్తారు. రైలెక్కితే ఎంతో సేపు పట్టకుండానే పార్వతీపురంలో దిగే మమ్మల్ని ఎవరూ ఆ లెక్కలో వేయరు. పిల్లలు మాత్రం బడిలో ఒడియా చదువుతారు, ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కు పాటలు పాడతారు, ఒకరితో ఒకరు పోట్లాడుకునేదీ ఒడియాలోనే. నేను విజయనగరం నుంచి వ్యాపారానికి వచ్చినవాణ్ణి. మా ఆవిడది పర్లాకిమిడి. వాళ్ళవాళ్ళు ఎక్కడికీ కదలలేదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరే అటు వెళ్ళింది. ఆ విలీనం నచ్చక గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళ మనుమరాలు మా ఆవిడ. ‘మీరు ఒడిశాకు ఎప్పుడు వెళ్ళారు?’ అని ఎవరైనా అడిగితే ఆవిడ ముఖం చూడాలి!

మా పిల్లలకు తిండి దగ్గర ఎప్పుడూ పరీక్షే. సంక్రాంతికి విజయనగరం వెళ్తే వీళ్ళ పళ్ళేలు చూసి మా అక్క, ‘దాల్మా తిని తిని పులుసు రుచే మరిచిపోయార్రా వీళ్ళు’ అంటుంది. దాల్మా అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు. ఇక్కడ స్నేహితుల ఇంట్లో పఖాళ (నీళ్ళు పోసిన చద్దన్నం) పెట్టినప్పుడు పచ్చిమిరపకాయ ఇంకొకటి అడిగితే, ‘తెలుగువాళ్ళు కదా!’ అని నవ్వుతారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ పన్నెండేళ్ళ పిల్ల రెండు చోట్లా అలాంటి మాట వింటే అన్నం ముందు కూర్చోవడానికే జంకుతుంది. పాస్తాకు మాత్రం మా రెండు వైపులా అధికారులు లేరు. ఇది ఇలాగే ఉండాలని చెప్పే మేనత్త లేదు, పొరుగింటి మావుసీ (పిన్ని) లేదు. ఎలా ఉండాలో మా పెద్దదే తేలుస్తుంది, మేం వింటాం. దానికి ఆ పెద్దరికం అవసరమని నా నమ్మకం.

అధికారులు లేరన్నాను గానీ మా అమ్మ ఉంది. మొదటిసారి సాసు నాలుక మీద వేసుకుని, పోపు మరిచిపోయిన టమాటా పచ్చడిలా ఉందని తేల్చేసింది. సాసుకు నాటు టమాటా పనికిరాదు, పులుపూ నీళ్ళూ ఎక్కువ. కండ ఉన్న బెంగళూరు టమాటాలకు గాటు పెట్టి, వేడి నీళ్ళలో ముంచి, తొక్క తీసి, నూనెలో వెల్లుల్లి సన్నమంట మీద వేగాక వేసి, అంచుల్లో నూనె తేలేదాకా మగ్గనిస్తాం. బేసిల్ కోసం వెతకనక్కర్లేదు. సబ్జా గింజలు కుండీలో చల్లితే వచ్చేది ఆ జాతి మొక్కే. వాసనలో కాస్త తేడా ఉంటే ఉండనివ్వండి. తెల్ల సాసుకు 50 గ్రాముల వెన్నలో 50 గ్రాముల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, అర లీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఇంతే.

అసలు కథ కార్తీకంలో మొదలవుతుంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావాళ్ళ వ్రతాలకు పున్నమితో. అంటే వాళ్ళ కార్తీకం ఆశ్వయుజ పున్నమి మర్నాడే మొదలై కార్తీక పున్నమికి ముగుస్తుంది, మనది దీపావళి వెళ్ళాక మొదలై ఇంకో పదిహేను రోజులు సాగుతుంది. రెండూ పాటించే మా ఇంట్లో దాదాపు ఆరు వారాలు గుడ్డు లేదు, మాంసం లేదు, మా ఆవిడ పట్టుదల వల్ల ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. ‘రెండు సెలవులూ ఇవ్వరు గానీ రెండు ఉపవాసాలూ పెడతారు’ అని మా చిన్నవాడి ఫిర్యాదు. న్యాయమైనదే.

మామూలు రోజుల్లో పిండికి ఉత్తర ఇటలీలోని ఎమీలియా-రొమాన్యావాళ్ళ లెక్కే: 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు. కార్తీకంలో ఇటలీ దక్షిణాదివాళ్ళు దారి చూపించారు. వాళ్ళు గట్టి గోధుమ రవ్వను ఉత్త నీళ్ళతో కలుపుతారు. మన బొంబాయి రవ్వకు అంత సాగే గుణం లేదు కాబట్టి సన్న రవ్వ, మైదా చెరిసగం తీసుకుని, 200 గ్రాములకు సుమారు 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు పోసి, బాగా మర్దించి అరగంట మూసిపెడతాం. తర్వాత చపాతీ కర్రతో వెనకాల చెయ్యి కనిపించేంత పలుచగా వత్తి, బెత్తెడు ముక్కలు కోసి, ఉప్పు నీళ్ళలో రెండు నిమిషాలు ఉడికించి తడిగుడ్డ మీద పరుస్తాం. వెల్లుల్లి లేని సాసు చప్పగా ఉందని పెద్దది తల పట్టుకుంటే, మా అమ్మ గెలుపు చిరునవ్వుతో ఇంగువ డబ్బా తెచ్చింది. చిటికెడు ఇంగువ, ఎండుమిర్చి నూనెలో పడ్డాక సాసు నిజంగానే లేచి కూర్చుంది. ఇప్పుడు కార్తీకం కాకపోయినా మా ఇంట్లో ఇంగువ సాసే అడుగుతున్నారు.

పక్కింటి మావుసీ ఒడియా ఆడవాళ్ళు కార్తీకంలో పట్టే హబిస వ్రతం చేస్తుంది. పూరీ గుడి వంటశాలలో వాడని టమాటాను ఆవిడా ఆ నెల ముట్టదు. ఆవిడ పాస్తా ఎలాగూ తినదు కాబట్టి మా పెద్దది రుద్దిన ఛెనాలో కొంత చక్కెరతో కలిపి గిన్నెలో పంపింది. మర్నాడు ఆ గిన్నె నిండా కొబ్బరికోరు వచ్చింది.

పరిచిన ముక్కల్లో ఛెనా, పాలకూర పెట్టి చుట్టాక, ట్రేలో అడుగున ఎర్ర సాసు, దాని మీద ఆ చుట్టలు మడత కిందికి వచ్చేలా పేర్చి, పైన తెల్ల సాసు పోసి, 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు మూతతో, పది నిమిషాలు మూత లేకుండా కాలుస్తాం. మధ్యలో కరెంటు పోతే మందపాటి మూకుడులోకి మార్చి మూత పెట్టి సన్నసెగ మీద ఉంచుతాం. పైపొర ఎర్రబడదు గానీ రుచికి లోటుండదు. ఈ సంక్రాంతికి కాల్చని ట్రే ఒకటి విజయనగరం తీసుకెళ్తానని పెద్దది పట్టుబట్టింది. మా అక్కకు ఓవెన్ లేదు. మూకుడు ఉందా అని ఫోనులో ముందే అడిగి పెట్టుకుంది, తెలుగులోనే, ఒక్క మాట కూడా నన్నడగకుండా.